నీళ్ళు కొరుకుతున్నాయి

పాలకొల్లు,
ఆగస్టు 4

మహాలక్ష్మమ్మ వదినగారికి రాజరాజేశ్వరి నమస్కారాలు.

మీ పూతరేకుల కొట్టు ముందు తోటలో కలువ కొలను కట్టించారని, దానికి ఏ పంపు కొనాలో నన్ను అడగమన్నారని మా అమ్మాయి సత్యవాణి చెప్పింది. ఫోన్‌లో నా చెవి మిషను ఈల వేస్తుంది తప్ప మాట వినిపించనివ్వదు. అందుకని రాస్తున్నాను. వియ్యపురాళ్ళ మధ్య కాగితమే మంచిదని మా ఆయన కూడా అంటారు. కాగితం మీద మాటను రెండోసారి చదువుకుని కొట్టేయవచ్చు.

అల్లుడు ఉదయ్‌కుమార్ అర హార్స్‌పవర్ మోటారు తెచ్చి పెడితే నీళ్ళు రాళ్ళ మీద నుంచి ఎగిరి రోడ్డున పోయేవాళ్ళ మీద పడ్డాయట. ఒక చేపపిల్ల గొట్టం మూతికి అతుక్కుపోయిందట. అతని తప్పేమీ లేదు. మన వైపు పంపు అంటే వరిచేనుకో రొయ్యల చెరువుకో. షాపువాడికి ఇంకో రకం పంపు ఉందని తెలియదు.

మీ కొలను పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు అని సత్యవాణి కొలిచి చెప్పింది. అంటే సుమారు మూడువేల నాలుగువందల లీటర్ల నీరు. రెండు గంటలకోసారి అంత నీరూ పంపులోంచి తిరిగి వస్తే చేపలకు చాలు. అయితే డబ్బా మీద వేసే అంకెను నమ్మకండి. అది నీళ్ళను పైకి ఎత్తనవసరం లేనప్పటి లెక్క. మీ రాళ్ళ జలపాతం నాలుగడుగుల ఎత్తు. కాబట్టి గంటకు మూడువేల లీటర్లని, పది అడుగుల ఎత్తు దాకా తోస్తుందని రాసి ఉన్న కొలను పంపు కొనండి. ఎత్తు ఎక్కేసరికి మనకు కావలసినంతే మిగులుతుంది.

పంపు కన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. పంపుతో వచ్చే వైరు ఒకే ముక్కగా గోడ దాకా రావాలి. మధ్యలో అతుకు ఉండకూడదు. ప్లగ్గు కొలను పక్క గోడ మీదే, వాన తగలని చోట ఉండాలి. ఎర్తు వైరు తప్పనిసరి. దానిపైన ట్రిప్పర్ పెట్టించండి. ఫ్యూజు కాదు, కరెంటు నీళ్ళలోకో మనిషి ఒంట్లోకో కారితే రెప్పపాటులో ఆపేసే ట్రిప్పర్. ముప్పై మిల్లీ ఆంపియర్లదని అడిగి తీసుకోండి. మనవరాలు హర్షితకు నాలుగేళ్ళు. నీళ్ళు కనిపిస్తే చెయ్యి పెట్టే వయసు.

కొలను ఈశాన్యంలో కుదిరిందని మీరు సంతోషపడ్డారట. మంచిదే. కరెంటుకు మాత్రం దిక్కులు తెలియవు.

ఇట్లు,
రాజరాజేశ్వరి

ఆత్రేయపురం,
సెప్టెంబరు 9

రాజరాజేశ్వరి వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. ఒకసారి పంపు కోసం, ఇంకోసారి అందులో నన్నేమైనా అన్నారేమో చూడ్డానికి. రెండూ దొరికాయి.

మీరు చెప్పిన పంపే రాజమండ్రి నుంచి తెప్పించాం. ఎలక్ట్రీషియను పల్లంరాజు వచ్చి బిగించాడు. "ఇంత చిన్నదేంటండీ, బొమ్మ పంపా?" అని నవ్వాడు గానీ, స్విచ్చి వేసేసరికి నోరు మూసుకున్నాడు. నీళ్ళు రాళ్ళ మీద నుంచి పట్టుచీర జారినట్టు జారుతున్నాయి. కార్లలో పోయేవాళ్ళు ఆగి ఫోటోలు దిగుతున్నారు. దిగినవాళ్ళు ఊరికే పోలేరు కదా, రెండు పెట్టెలు పూతరేకులు కట్టించుకుంటున్నారు. నీళ్ళ చప్పుడు ఆగితే మాత్రం కొట్టు బోసిపోయినట్టు ఉంటోంది.

ట్రిప్పర్ గోడకు ఉంది. వైరు బాగానే ఉంది. మీరేమీ దిగులు పడకండి.

హర్షిత చేపలన్నిటికీ మన పేర్లు పెట్టింది. లావుపాటి ఎర్రది నానమ్మట. ఎప్పుడూ నోరు తెరిచి ఉండేది అమ్మమ్మట. నేను పెట్టలేదండి, పిల్ల పెట్టింది.

సత్యవాణి కొట్టులో బిల్లుల కంప్యూటరు దగ్గర కూర్చుంటోంది. బాగా చేస్తోంది. ఈసారి రాసినప్పుడు దాని క్షేమం కూడా ఒక మాట అడగండి.

మహాలక్ష్మమ్మ

పాలకొల్లు,
సెప్టెంబరు 15

వదినగారికి,

చేప సంగతి చదివి మా ఆయన నవ్వారు. నేను నవ్వలేదు, కానీ కోపం కూడా రాలేదు.

మీరు రాసిన రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. ట్రిప్పర్ గోడకు ఉందన్నారు. పనిచేస్తోందని అనలేదు. వైరు బాగానే ఉందన్నారు. ఒకే ముక్కగా ఉందని అనలేదు. ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ప్రశ్నకు పక్కగా రాసిన జవాబు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ప్లగ్గు ఏ గోడ మీద ఉంది? అక్కడి నుంచి కొలను ఎంత దూరం? ట్రిప్పర్ మీద చిన్న బటన్ ఉంటుంది, టెస్ట్ అని రాసి ఉంటుంది. అది నొక్కితే ట్రిప్పర్ టక్కున పడిపోవాలి, పంపు ఆగిపోవాలి. నొక్కి చూసి ఏం జరిగిందో రాయండి. సత్యవాణి చేత నొక్కించండి, దానికి తెలుసు.

వానలు తగ్గేదాకా పాపను కొలను దగ్గర ఒంటరిగా వదలకండి.

రాజరాజేశ్వరి

ఆత్రేయపురం,
అక్టోబరు 31

వదినగారికి,

జవాబు ఆలస్యమైంది. మన్నించండి. దసరా రద్దీ అయ్యేసరికి తుపాను వానలు పట్టుకున్నాయి. వానలు తగ్గేసరికి కార్తీకమాసం బస్సులు మొదలయ్యాయి. స్నానాలకి వచ్చేవాళ్ళంతా మన కొట్టు ముందే ఆగుతున్నారు. ఇంత బేరం ఎన్నడూ లేదు.

మీరు పరీక్ష పేపరులా ప్రశ్నలు పంపారు. ఈ వయసులో నాకు మార్కులు ఎందుకులెండి. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. పంపు రోజంతా ఆగకుండా నడుస్తోంది. మీకు కావలసింది అదే కదా.

కలువలు రెండు పూశాయి. చేపలే ఎందుకో ఈ మధ్య జలపాతం వైపు పోవడం లేదు. అన్నీ ఇటు మెట్టు దగ్గరే గుంపు కట్టి ఉంటున్నాయి. వాన నీరు కలిసిందని కాబోలు. కాస్త పసుపు వేశాం.

మన హర్షిత మాటలు వింటే మీరు కూడా నవ్వుతారు. మొన్న వాన వెలిశాక చెప్పులు లేకుండా పరిగెత్తుకుపోయి జలపాతం కింద చెయ్యి పెట్టింది. వెంటనే లాక్కుని, "నానమ్మా, నీళ్ళు కొరుకుతున్నాయి!" అంది. "చేప కొరికిందేమో అమ్మా" అన్నాను. "చేప కాదు, నీళ్ళే. చీమల్లాగా కొరుకుతున్నాయి" అని మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. ఒకటే నవ్వు. ఇప్పుడది దానికి ఆటైపోయింది. రోజూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళ చేత కొరికించుకుని వస్తుంది.

సోమవారం అందరూ గోదావరి స్నానానికి వెళ్తారు. పాపకి జలుబుగా ఉంది, నా దగ్గరే ఉంచుకుంటాను.

మహాలక్ష్మమ్మ

పాలకొల్లు,
నవంబరు 3, సోమవారం ఉదయం

వదినగారూ,

ఈ కాగితం మీ చేతిలో ఉందంటే మీ ఇంటి మెయిన్ ఆగిందని అర్థం. మెయిన్ ఆపి, పాపను కొలను దగ్గర నుంచి తీసుకొచ్చాకే మీకు ఇమ్మని మా వ్యాను డ్రైవరు లోవరాజుతో చెప్పాను. అతని మీద కోపగించుకోకండి.

మీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. శుక్రవారం రాశారు. మధ్యలో శని, ఆది గడిచిపోయాయి. మా ఆయన సత్యవాణికీ అల్లుడికీ ఫోన్ చేశారు. మోగి ఆగిపోతోంది. రేవులో ఉండి ఉంటారు. కొట్టు నంబరుకి చేస్తే ఎవరో ఎత్తి, "బస్సు వచ్చిందండి, రద్దీగా ఉందండి" అని పెట్టేశారు.

కొరుకుతున్నది కరెంటు. మీ కొలను నీళ్ళలోకి కరెంటు కారుతోంది. చేపలు అందుకే అటు పోవడం లేదు. ఇంత కారుతున్నా ట్రిప్పర్ పడకుండా ఉందంటే అది లైనులో లేదన్నమాట. చెయ్యి తడిసి, పాదాలు తడి నేల మీద ఉన్న పిల్లకి ఇవాళ చీమ కుట్టినట్టు ఉన్నది రేపు అలా ఉండదు.

మళ్ళీ మెయిన్ వేసే ముందు పంపు ప్లగ్గు పీకండి. ఎవరూ నీళ్ళను ముట్టుకోకండి. చేప చచ్చి తేలినా తీయకండి.

రాజరాజేశ్వరి

ఆత్రేయపురం,
నవంబరు 4

వదినగారికి,

పాప క్షేమం. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

నిన్న నేను గల్లా దగ్గర ఉన్నాను. కొట్టు నిండా జనం. మీ లోవరాజు వ్యాను రోడ్డుకి అడ్డంగా ఆపి లోపలికి దూసుకొచ్చాడు. "ఆయ్, మెయిన్ ఎక్కడండీ?" అని ఒకటే కేక. "ఏంటయ్యా, ఎవరు నువ్వు?" అంటే చెప్పడు. "పాలకొల్లు అమ్మగారు పంపారండి, మెయిన్ చూపించండి ముందు" అంటాడు. చూపించేదాకా ఊరుకోలేదు. లైట్లన్నీ ఆరిపోయాయి. జనం గోల. ఒకాయన డబ్బులిచ్చి చిల్లర కోసం నిలబడ్డాడు. "కొట్టు కట్టేస్తున్నారా ఏంటమ్మా?" అని ఆయన ఎగతాళి. మీ మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వియ్యపురాలు మనిషిని పంపి నా కొట్టు చీకటి చేయించింది అనుకున్నాను.

అప్పుడు తోటలోంచి పాప కేక వేసింది. "నానమ్మా, జలపాతం ఆగిపోయింది!"

అది అక్కడుందని నాకు తెలియదు. మంచం మీద పడుకోబెట్టి వచ్చాను. లోవరాజు పరిగెత్తి ఎత్తుకొచ్చాడు. చెప్పులు లేవు. కుడి చెయ్యి మోచేతి దాకా తడి. పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టి, అప్పుడు జేబులోంచి మీ కాగితం తీశాడు. చదివాక పాప తడి చెయ్యి నా కొంగుతో తుడిచాను.

సాయంత్రం పల్లంరాజు వచ్చాడు. పిల్లలందరినీ లోపల పెట్టి తలుపు వేశాం. ఒక బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి కొలను నీళ్ళలో, ఒకటి పక్కన తడి మట్టిలో గుచ్చి, పంపు స్విచ్చి వేశాడు. బల్బు మసకగా వెలిగింది. అందరం చూశాం.

ఇప్పుడు మీరు అడిగినవాటికి జవాబులు. మా సిద్ధాంతిగారు ఈశాన్యంలో నీళ్ళున్న చోట నిప్పు పెట్టకూడదన్నారు. కరెంటు నిప్పేనట. అందుకని స్విచ్చు ఇంటికి అవతల ఆగ్నేయం మూలన పెట్టించాను. పంపు వైరు అంత దూరం రాలేదు. ఇంకో వైరు కలిపి అతుకు వేయించాం. టేపు బాగానే చుట్టాడు. ఆ అతుకు కనపడకుండా జలపాతం రాళ్ళ కింద దాచాం. వానలకి రాయి జారి అతుకు నీళ్ళలో పడింది. దిక్కుల గురించి మీరు మొదటి ఉత్తరంలోనే ఒక మాట అన్నారు. ఇంకోటి అనిపించుకోవడం ఇష్టం లేక రాయలేదు.

వానలు జోరందుకున్నాక ట్రిప్పర్ ఊరికే పడిపోతుండేది. కొట్టు లైట్లు, బిల్లుల కంప్యూటరు కూడా దాని మీదే ఉన్నాయి. పడినప్పుడల్లా కొట్టంతా చీకటి. అందుకని ట్రిప్పర్ తప్పించి లైను డైరెక్టుగా ఇప్పించాం. అది నేనే చేయించాను అనుకోండి.

పంపు పీకేశాం. కొలనుకి తడక కట్టాం.

మహాలక్ష్మమ్మ

పాలకొల్లు,
నవంబరు 6

వదినగారికి,

"నేనే చేయించాను అనుకోండి" అని రాశారు. నేను అనుకోను. ఎవరు చేయించారో తెలుసుకుంటాను. ఎలక్ట్రీషియనుకి చెప్పింది ఎవరు? సత్యవాణి ఆ కంప్యూటరు ముందే కూర్చుంటుంది, దానికి తెలియకుండా ఎవరు చేస్తారు? అల్లుడా? తెలిసి ఊరుకున్నవాళ్ళు ఎవరు?

ట్రిప్పర్ పడటం జబ్బు కాదు. జబ్బు ఉందని చెప్పడం. అరుస్తున్న కాపలావాడి గొంతు నొక్కి దొంగలు లేరనుకున్నారు.

ఇది తేలేదాకా హర్షిత నా దగ్గర ఉంటుంది. ఆదివారం లోవరాజు వస్తాడు. బట్టలు సర్ది పెట్టండి.

రాజరాజేశ్వరి

ఆత్రేయపురం,
నవంబరు 8

వదినగారికి,

లోవరాజు వస్తే అన్నం పెట్టి పంపిస్తాను. పాపను పంపను.

మీ ఉత్తరంలో ఎవరు, ఎవరు అని ఎన్నిసార్లు రాశారో మళ్ళీ చదువుకోండి. పాప అన్నం తింటోందా, రాత్రి ఉలిక్కిపడి లేస్తోందా, ఆ చెయ్యి ఎలా ఉంది అని ఒక్కసారి లేదు. డాక్టరుకి చూపించాం. ఏమీ లేదన్నారు. మీరు అడగకపోయినా రాస్తున్నాను.

ఎవరో చచ్చేదాకా చెప్పకూడదనుకున్నాను. ఒట్టు వేశాను. కానీ పిల్లను తీసుకుపోతానన్నాక ఆ ఒట్టు నిలబెట్టలేను. ట్రిప్పర్ తీయించింది మీ అమ్మాయి.

సెప్టెంబరు మొదటి ఆదివారం రెండు బస్సులు వచ్చాయి. ట్రిప్పర్ పడింది, ఎక్కించింది. మళ్ళీ పడింది. బిల్లులన్నీ పోయాయి, జనం తిట్టారు. పల్లంరాజుని పిలిచి డైరెక్టు ఇమ్మంది. "వానలు తగ్గాక మళ్ళీ కలిపేద్దామండీ" అన్నాడు వాడు. తర్వాత ఇద్దరూ మరిచిపోయారు. మీరు టెస్ట్ బటన్ నొక్కించమని రాసిన ఉత్తరం రాగానే దానికి చూపించాను. తెల్లబోయింది. "అమ్మకి ఫోన్ చేసి అడుగుదాం, ఎందుకు పడుతుండేదో చెబుతుంది" అన్నాను. ఏమందో తెలుసా?

"వద్దు అత్తయ్యా. అమ్మకి చెబితే ముందు తప్పు ఎవరిదని అడుగుతుంది. ఏం జరిగిందని తర్వాత అడుగుతుంది. వానలు అయిపోనీండి, నేనే కలిపిస్తాను."

నాకు ఈ కరెంటు విద్య తెలియదు. దానికి తెలుసు కాబట్టి ప్రమాదం ఉండదనుకున్నాను. అందుకే మీ ప్రశ్నలకి పక్కగా జవాబులు రాశాను. నా పరువు కోసం కొంత, దాని భయం కోసం కొంత.

సోమవారం నుంచి అది సరిగ్గా తినడం లేదు. పాపను ఒళ్ళోంచి దించడం లేదు. మీరు ఒక్క మాట అంటే తట్టుకునేలా లేదు. అనాలనుకుంటే నన్ను అనండి. నాకు అలవాటే.

మహాలక్ష్మమ్మ

పాలకొల్లు,
నవంబరు 11

వదినగారికి,

లోవరాజుని పంపలేదు. పంపను.

పాప అన్నం తింటోందా? రాత్రి నిద్రపోతోందా? సత్యవాణి తింటోందా?

దానికి ఏం రాయాలో తెలియక మీకు రాస్తున్నాను. దాన్ని ఏమీ అననని మాట ఇవ్వలేను. డెబ్బై ఒక్క ఏళ్ళ నోరు ఇప్పుడు మారదు. అంటాను. కానీ అది చెప్పినదంతా విన్నాక అంటాను. దానికి ఈ మాట చెప్పండి. వద్దు, ఈ కాగితమే ఇవ్వండి.

నా కూతురి మాట మీరు దాచి, నింద మీ మీద వేసుకున్నారు. దాని గురించి ఎదురుగా వచ్చినప్పుడు మాట్లాడతాను. కాగితం మీద నాకు చేతకావడం లేదు.

పంపు సంగతి. నీళ్ళలోకి ఇరవై నాలుగు వోల్టులే వెళ్ళే కొలను పంపులు ఉన్నాయి. గోడకు పెట్టే చిన్న పెట్టె ఇంటి కరెంటును అంతకు దించి పంపుతుంది. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టినా ప్రమాదం ఉండదు. ఆ పెట్టె మీ ఆగ్నేయం మూలనే ఉండవచ్చు, సిద్ధాంతిగారికి అభ్యంతరం ఉండదు. దూరం ఎక్కువ కాబట్టి వైరు మందంగా తీసుకోవాలి, లేకపోతే జలపాతం నీరసంగా పారుతుంది. అతుకు వేయవలసి వస్తే నేలకు పైన, మూత ఉన్న పెట్టెలో వేయించండి. కొట్టు లైట్లకు వేరే ట్రిప్పర్, పంపు పెట్టెకు వేరే ట్రిప్పర్. అప్పుడు ఒకటి పడితే రెండోది చీకటి కాదు. మీ స్విచ్చు ఏ మూలనుందో ఆగస్టులోనే తెలిసి ఉంటే మొదటే ఈ పంపు చెప్పేదాన్ని. ఆ దిక్కుల మాట రాయకుండా ఉంటే మీరు చెప్పి ఉండేవారు.

బిగించేటప్పుడు సత్యవాణిని పక్కన నిలబెట్టండి. నేను రాను. నేను వస్తే అది వైరు వంక కాదు, నా ముఖం వంక చూస్తుంది.

రాజరాజేశ్వరి

ఆత్రేయపురం,
నవంబరు 27

అమ్మా,

కొత్త పంపు పెట్టి వారం అయింది. నువ్వు రాసినట్టే రెండు ట్రిప్పర్లు. టెస్ట్ బటన్ నేనే నొక్కాను, పడింది. పల్లంరాజు మళ్ళీ బల్బు కట్టి నీళ్ళలో పెట్టి చూశాడు, వెలగలేదు. చేపలు జలపాతం కిందికి తిరిగి వెళ్ళాయి.

నిన్న మధ్యాహ్నం పంపు ట్రిప్పర్ పడింది. ఎక్కించాను. సాయంత్రం మళ్ళీ పడింది. పెట్టెలోకి చెమ్మ చేరిందేమోనని పల్లంరాజు అంటున్నాడు. బల్లి దూరిందేమోనని ఆయన అంటున్నారు. నాకు తెలియదు. రెండోసారి పడ్డాక నేను ఎక్కించలేదు, ఎవరినీ ఎక్కించనివ్వలేదు. లైట్లు వెలుగుతున్నాయి, బిల్లులు అవుతున్నాయి. జలపాతం ఆగిపోయి ఉంది. ఇవాళ పొద్దున్న నుంచి వచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారు. రిపేరులో ఉందండీ అంటున్నాను.

మొదటిసారి పడినప్పుడే ఎక్కించకుండా ఉండాల్సిందేమో. అది కూడా నాకు తెలియదు.

ఎందుకు పడుతోందో నువ్వు వచ్చి చూడు. తిట్టాలనుకున్నవన్నీ బస్సులో గుర్తు చేసుకుంటూ రా, ఒకటి కూడా మరిచిపోవద్దు. నువ్వు వచ్చేదాకా పంపు వేయను.

సత్యవాణి